పైడమ్మ తొర్ర గోడ

జేగురుకొండ అడవిలో దుప్పులు, ఎలుగుబంట్లు, కొండముచ్చులు, రకరకాల పిట్టలు కాపురముండేవి. వాటిలో కొమ్ముముక్కు పిట్టలంటే అందరికీ మర్యాద. వాటికి చాంతాడంత ముక్కు, దాని మీద ఇంకో బుడిపె. గర్వం ఎక్కడ దాచుకోవాలో తెలియక నెత్తిన పెట్టుకున్నట్టు ఉండేవి.

ఆ పిట్టలకు ఒక ఆచారం ఉంది. గుడ్లు పెట్టే వేళకు ఆడపిట్ట చెట్టు తొర్రలో దూరి, మట్టితో గోడ కట్టుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం వదులుతుంది. లోపల దాని రెక్కల ఈకలు రాలిపోతాయి. పిల్లలు ఎదిగేదాకా మొగుడు ఆ సందులోంచి అందించే పళ్లే దానికి తిండి. మొగుడు మంచివాడైతే అంతకన్నా చల్లని చోటు లేదు. కాకపోతే ఏమిటన్నది ఎవరూ ఆలోచించలేదు.

గవరమ్మ అనే వడ్రంగి పిట్ట మాత్రం ఆలోచించాల్సి వచ్చింది. ఆమె గూడు మద్దిచెట్టు పైకొమ్మలో ఉండేది. కింది తొర్రలో పైడమ్మ అనే కొమ్ముముక్కు పిట్ట ఉండేది. పైడమ్మ మొగుడు దండాసి మేడిపళ్లు తెచ్చి, సందు ముందు కూర్చుని చాలావరకు తానే తినేవాడు. అడిగితే ముక్కు లోపలికి దూర్చి పొడిచేవాడు. గవరమ్మ చాటుగా నాలుగు పురుగులు సందులో వేస్తే, అది కనిపెట్టి కాపలా మొదలుపెట్టాడు.

అతను నీళ్లకు పోయిన వేళ గవరమ్మ సందు దగ్గరికి వచ్చింది.

"గోడ పగలగొట్టనా చెల్లీ?"

"వద్దక్కా. పరాయి తొర్ర ముట్టినవాళ్లను అడవిలోంచి వెళ్లగొడతారు. నీ పిల్లలేమైపోవాలి? సభలో చెప్పు. పెద్ద మా నాన్నే కదా."

పున్నమినాడు బండమీద సభ జరిగింది. పెద్ద భూషయ్య ముక్కెత్తుకుని కూర్చున్నాడు. కష్టం ఎవరిదో వాళ్లే బండ ఎక్కి చెప్పుకోవాలన్నది చట్టం.

"ఆ చట్టం మార్చండయ్యా" అంది గవరమ్మ. "రెక్కలు లేనివాళ్లు బండ ఎలా ఎక్కుతారు? విన్నవాళ్లను చెప్పనివ్వండి. ప్రాణం మీదికొస్తే గోడ తియ్యనివ్వండి."

"ఇవాళ మొగుడూ పెళ్లాల తగువంటారు. రేపు నా నెత్తిన పేలు కూడా సభకే తెస్తారు!" అన్నాడు కొండముచ్చు. సభంతా పగలబడి నవ్వింది.

"ఇంటిగుట్టు లంకకు చేటు" అన్నాడు భూషయ్య. "మా జాతి మగవాళ్లు తాము మాడి పెళ్లానికి పెడతారు."

"తొర్రలో మాడుతున్నది మీ బిడ్డేనయ్యా!"

భూషయ్య ఎత్తిన ముక్కు కిందికి దించాడు. "సరే, వెళ్లి అడుగుదాం" అన్నాడు.

తెల్లారాక పెద్దలంతా వెళ్లారు. దండాసి ఎదురొచ్చి మామగారికి పళ్లు పెట్టి, సందుకు ముక్కు ఆనించి నిలబడ్డాడు.

"అమ్మా పైడీ, అల్లుడు బాగా చూసుకుంటున్నాడా?"

సందులోంచి సన్నని గొంతు వచ్చింది.

"చూసుకుంటున్నాడు నాన్నా."

"అతన్ని అవతలికి పంపి అడగండయ్యా!" అని గవరమ్మ బతిమాలింది.

"అల్లుణ్ణి అవమానించమంటావా?" అని భూషయ్య కసిరాడు. చట్టం మాట వచ్చే పున్నమికి వాయిదా పడింది.

ఆ రోజునుంచి సందులోకి ఒక్క పండు కూడా వెళ్లలేదు. కొన్నాళ్లకు లోపలినుంచి వచ్చే పైడమ్మ ఏడుపు కూడా ఆగిపోయింది. గవరమ్మ ఇక చట్టం చూడలేదు. దండాసి అరుస్తున్నా వినకుండా గోడ పొడిచి పడగొట్టింది. పైడమ్మ చల్లబడి ఉంది. ఆమె కడుపు కింద ఒక్క పిల్ల వెచ్చగా కదులుతోంది. అంతకుముందు దొరికిన కాస్తా తాను తినకుండా దానికే పెట్టినట్టుంది. గవరమ్మ ఆ పిల్లను పొదివి పట్టుకుని గుండెలు పగిలేలా ఏడ్చింది.

మళ్లీ పున్నమి వచ్చింది. తొర్ర పగలగొట్టిన నేరానికి గవరమ్మను బండ ఎక్కించారు. ఆమె పిల్లను ముందు పెట్టి, "ముందు చట్టం మార్చండి. తర్వాత నన్ను వెళ్లగొట్టండి" అంది.

భూషయ్య మనవరాలి వంక చూడలేకపోయాడు.

"నా బిడ్డ అబద్ధం చెబుతోందని గొంతు వినగానే తెలిసింది. పరువు కోసం నమ్మినట్టు ఊరుకున్నాను" అని పెద్దరికం వదిలి బండ దిగాడు.

ఆ రోజే చట్టం మారింది. విన్నవాళ్లెవరైనా చెప్పవచ్చు. మొగుణ్ణి దూరంగా పంపి అడగాలి. ప్రాణం మీదికొస్తే గోడ తియ్యవచ్చు. దండాసిని అడవి దాటించారు. తొర్రలన్నీ తిరిగి మంచిచెడ్డలు కనుక్కునే పని గవరమ్మకే అప్పగించారు. ఒప్పుకుంటూ సభంతా రెక్కలెత్తింది, తోకలెత్తింది. కొండముచ్చు కూడా చెయ్యెత్తాడు.

గవరమ్మ కళ్లు తుడుచుకుంటుంటే సంతోషమనుకున్నారు. ఎత్తిన ఆ రెక్కల్లో సగం పోయిన పున్నమికే లేచి ఉంటే, ఆ పిల్లకు తల్లి ఉండేది.

నీతి: గడప దాటలేనివారి దగ్గరికి న్యాయమే నడిచి వెళ్లాలి. పరువు చూసుకుంటూ ఆలస్యం చేస్తే, అది ప్రాణం పోయాక చేరుతుంది.