తిప్పక్క వేలు

ఊ కొట్టండి. ఊ కొడితేనే ఈ కథ కొండెక్కుతుంది. లేకపోతే కిందే ఆగిపోతుంది.

ఎప్పుడో, మీ అవ్వల అవ్వలు పిల్లలుగా ఉన్నప్పుడు, ఉడుములగుట్ట మీద ముప్పై గడపల ఊరుండేది. ఆ ఊళ్లో తిప్పక్క ఉండేది. రాయి కొట్టే మనిషి. భూమి లేదు, బంగారం లేదు. ఉన్నవి మూడే. ఒక గడ్డపార, ఒక సమ్మెట, ఒక అత్త.

అత్త పేరు ఈరమ్మ. కళ్ళు ఆనవు. కాళ్ళు లేవవు. నోరు మాత్రం బాగా లేస్తుంది.

ఆ కాలంలో వేలు పెడితేనే బియ్యం. యంత్రం మీద బొటనవేలు పెట్టాలి. ఈ వేలు ఎవరిదని యంత్రం ఎక్కడో ఉన్న పెద్ద ఆఫీసును అడగాలి. ఆఫీసు అవునంటే బియ్యం, కాదంటే లేదు. కొండ కింద ఊళ్ళకు ఆ జవాబు రెప్పపాటులో వచ్చేది. వాళ్ళకు భూమిలో తీగ ఉంది. ఉడుములగుట్టకు తీగ లేదు. ఊరికి పైన ఒక బండ ఉండేది. దాని మీదికెక్కితే కాస్త సిగ్నల్ తగిలేది. రేషన్ డీలర్ నాగన్న నెలకోసారి యంత్రం చంకన పెట్టుకుని ఆ బండెక్కేవాడు. ఊరంతా వెనకాలే ఎక్కేది. ముసలివాళ్ళు వీపుల మీద.

తిప్పక్క వీపు మీద ఈరమ్మ.

"నెమ్మదే. ఎముకలు రాలిపోతాయి."

"రాలితే ఏరుకొస్తాలే అత్తా, గమ్మునుండు."

ఒక నెల ఎక్కారు. యంత్రంలో చక్రం తిరిగింది, తిరిగింది, తిరిగింది. బియ్యం రాలేదు. ఇంకో నెల ఎక్కారు. చక్రం తిరిగింది, తిరిగింది, తిరిగింది. ఎండకు కాలిన బండ మీద దింపితే ఈరమ్మ అరికాళ్ళు బొబ్బలెక్కాయి. బియ్యం రాలేదు.

నాగన్న నేల చూపులు చూస్తూ చెప్పాడు. "మూడో నెల కూడా వేలు పడకపోతే కార్డులో అవ్వ పేరు తీసేస్తారక్కా. ముసలోళ్ళయితే చచ్చినోళ్ళ కింద లెక్క."

తిప్పక్క ఈరమ్మను వీపున మోసుకుని దిగింది. ఇంటికొచ్చాక ఈరమ్మ అంది. "నన్ను మళ్ళీ ఎక్కించొద్దే. చస్తే నా గడపలో చస్తా. బండ మీద చావను."

మర్నాడు తిప్పక్క కొండ దిగింది. కింద తీగ వేయించే లైను సారు ఉన్నాడు.

"సామీ, మా ఊరికి తీగ ఎప్పుడు?"

"పైనంతా రాయి. మా మిషన్ ఎక్కదమ్మా."

"నేనెక్కుతా కదా. తీగ పరిచే గాడి ఎంత లోతుండాల?"

"మూడడుగులు."

"ఎన్ని మలుపులు?"

"మూడు." సారు నవ్వాడు. "ఎన్నేళ్ళకు తవ్వుతావు?"

"మా అత్తకు ఒక నెలే ఉంది సామీ."

సారు నవ్వు ఆగిపోయింది. "నువ్వు గాడి తీసినంత దూరం తీగ నేను తెస్తా," అన్నాడు.

మొదటి రోజు కొండ మీద ఒక గడ్డపార మోగింది. రెండో రోజు మూడు. మూడో రోజు ముప్పై, గడపకొకటి. నాగన్న కూడా పట్టాడు. పొద్దెక్కకముందే చేతులు బొబ్బలు. "త్రాసు పట్టినంత సులువా మామా?" అని ఆడవాళ్ళు ఒకటే నవ్వు. మన్ను వచ్చిన చోట ఊరు తవ్వింది. రాయి వచ్చిన చోటల్లా తిప్పక్కను పిలిచింది. మలుపులన్నీ రాయే.

తీగ రెండో మలుపు దాటిన రోజు గొర్రెల సుంకన్న దాన్ని కోశాడు. లోపల రాగి ఉంటుందనుకున్నాడు. వెంట్రుకల్లాంటి గాజు పోగులు బయటపడ్డాయి. అవి పట్టుకుని దిక్కులు చూస్తుంటే తిప్పక్క వచ్చింది.

"దీంట్లో రాగి లేదక్కా!" అన్నాడు, తనే మోసపోయినట్టు.

"లేదురా. వెలుతురు పోతుందంట. మా అత్త పేరు దాంట్లోనే పోవాల. నువ్వు కోసినావు."

తిట్టలేదు. గడ్డపార చేతికిచ్చింది. సారు తీగ అతికించాడు. ఆ రోజు నుంచి సుంకన్న ఆమె పక్కనే తవ్వాడు.

నెల చివరి రోజు తీగ ఊరు చేరింది. నాగన్న యంత్రం తెచ్చి ఈరమ్మ గడపలో పెట్టాడు. ఈరమ్మ వేలు పెట్టింది. చక్రం తిరగనే లేదు. అవునంది యంత్రం.

"అంతేనా?" అంది ఈరమ్మ. "ఇంతోటి దానికా నన్ను బండెక్కించింది?"

ఊరు నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఒక్కొక్కరే వేలు పెట్టారు. ఆఖర్న తిప్పక్క.

ఇక్కడ మాత్రం ఊ కొట్టకండి.

యంత్రం కాదంది. మళ్ళీ పెట్టింది. కాదంది. కొంగుకు తుడిచి పెట్టింది. కాదంది. రాయి కొట్టి కొట్టి వేలి గీతలు అరిగిపోయాయి. బొటనవేలు ఏటి గులకరాయిలా నున్నగా ఉంది.

"నిన్ను గుర్తుపట్టడం లేదక్కా," అన్నాడు నాగన్న.

"ఎట్ల పడుతుంది? అది నిన్నగాక మొన్న వచ్చింది." నవ్వుతూనే అంది. కానీ ఆ వేలిని కొంగులో దాచుకుంది.

ఈరమ్మ చేయి చాపింది. "ఏదీ, ఇట్లా తే." కళ్ళు ఆనని ముసలమ్మ ఆ వేలిని తడిమింది. "ఇది నా కోడలిది. నేను చెప్తున్నా."

"నేనూ చెప్తున్నా," అన్నాడు సుంకన్న.

నాగన్న యంత్రాన్ని పక్కన పెట్టాడు. "నేను రాస్తున్నా," అన్నాడు. తెల్లకాగితం మీద తిప్పక్క పేరు రాశాడు. కింద మూడు సాక్ష్యాలు. బియ్యం కొలిచాడు. ఆ కాగితాన్ని ఆఫీసు మూడుసార్లు తిప్పి పంపింది. నాగన్న మూడుసార్లూ మళ్ళీ పట్టుకుపోయాడు. నాలుగోసారి ముద్ర పడింది.

ఈరమ్మ తన గడపలోనే పోయింది, నిండుగా తిని. చాలా ఏళ్ళకు తిప్పక్కా పోయింది. మూడో మలుపులో, గాడి పక్కనే పూడ్చారు ఆమెను.

ఉడుములగుట్ట వాళ్ళు ఇప్పటికీ ఆ పక్కన పార వేయాల్సి వస్తే, ముందు నేలను బొటనవేలితో తాకుతారు. "తిప్పక్కా, కాస్త జరుగు," అంటారు. అప్పుడే తవ్వుతారు. తీగ మళ్ళీ తెగలేదు.

ఇంకొకటి. ఆ ఊళ్లో ఎవరి వేలు పడకపోయినా వట్టి సంచితో ఇంటికి పోరు. వరుసలోంచి ముగ్గురు ముందుకొస్తారు.

"నేను చెప్తున్నా."

"నేనూ చెప్తున్నా."

"నేను రాస్తున్నా."

దాన్ని వాళ్ళు తిప్పక్క వేలు అంటారు.

కథ ఊరు చేరింది. ఇంక ఊ కొట్టక్కర్లేదు.