పంతులమ్మ చూసిన అడవి, సుగంధి నడిచిన అడవి

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక నల్లబండ. ఆ బండ మీద ఒక బడి. బడికి గోడల్లేవు, కప్పు లేదు, గంట మాత్రం ఉంది. వడ్రంగిపిట్ట వచ్చి ఎండిన మోడు మీద టకటకా కొడితే అదే గంట.

ఆ బడిలో పాఠం చెప్పేది ఒక పాలపిట్ట. పేరు నీలాంబరి. మంచి పంతులమ్మే, మనసు వెన్న. కాకపోతే కాలు ఒక చోట నిలవదు. పాఠం మొదలుపెట్టేది బండ మీద, పూర్తిచేసేది కొమ్మ మీద. మధ్యలో ఆకాశంలో ఒక చుట్టు చుట్టి వచ్చేది.

ఆ బడిలో అన్నిటికన్నా పెద్ద పాఠం 'మన అడవి'. ఎవరి ఇల్లు ఎక్కడ, ఏ దారి ఎటు పోతుంది, ఏ మడుగులో నీళ్ళు ఎవరెవరు పంచుకోవాలి, తగువొస్తే ఎవరికి చెప్పుకోవాలి, వరదొస్తే ఎటు పరిగెత్తాలి. ఇవి తెలియకపోతే ఆ అడవిలో బతుకు కష్టం.

అంతకుముందు వానాకాలంలో వరదొచ్చినప్పుడు కొందరు పిల్లలు దారి తప్పి పొదల్లో చిక్కుకుపోయారు. వాళ్ళ ఏడుపు సింహం మహారాజు చెవిన పడింది. ఆయన మనసు కలతపడి ఒక ఆజ్ఞ వేశాడు.

"వానలు పడకముందే పిల్లలందరికీ పరీక్ష పెట్టండి. వరద అందని ఎత్తుగుట్టకు దారి తెలియని పిల్ల వాగు దాటి బడికి రాకూడదు. ఇంటిపట్టునే ఉండాలి."

ఆజ్ఞతో పాటు ఒక కానుక కూడా పంపాడు. అది ఒక గాజుపలక. ఎండ తాగి వెలుగుతుంది. ఏ చోటు పేరు చెబితే ఆ చోటు చూపిస్తుంది. ఒకసారి చూసిన చోటు మళ్ళీ చూపిస్తుంది, విన్న చప్పుడు మళ్ళీ వినిపిస్తుంది. ఎవరు చేశారో ఎవరికీ తెలియదు. తెలిసినట్టు మాట్లాడేవాళ్ళు మాత్రం చాలామంది ఉన్నారు.

పలకలో అడవిని చూసి నీలాంబరి పంతులమ్మ ఉబ్బితబ్బిబ్బయింది.

"అబ్బ! అచ్చం అడవి ఎలా ఉంటుందో అలాగే ఉందర్రా!" అంది. చెట్ల తలలు పచ్చచుక్కల్లా, వాగు సన్నటి దారంలా, గుట్ట చిన్న బొడిపెలా కనిపించాయి.

పక్షి కళ్ళకు అడవి అలాగే ఉంటుంది మరి. ఆ బండ మీద కూర్చున్న పిల్లల్లో ఎగిరేవాళ్ళు ఎంతమందో ఆమె ఆ పూట లెక్క చూసుకోలేదు.

పాఠాలు మొదలయ్యాయి. ధవళుడనే కుందేలు పిల్లవాడు మూడు పూటల్లో పలకంతా బట్టీ పట్టేశాడు. "మోడు దాటి కుడికి, మడుగు దాటి ఎడమకి, ఈతచెట్లు దాటి నేరుగా" అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవాడు. చపలుడనే కోతి పిల్లవాడు సగం పాఠం వినేవాడు, మిగతా సగం తోక పట్టుకుని వేలాడేవాడు. "కుదురుగా కూర్చోరా!" అని పంతులమ్మ అరిచేది, అరిచి తాను ఎగిరిపోయేది.

ఇక చివరి వరసలో ఒక చుంచెలుక పిల్ల ఉండేది. పేరు సుగంధి. చుంచుకు ఆ పేరేమిటని మీరు ముక్కు మూసుకోనక్కర్లేదు, తల్లికి తన బిడ్డ వాసన అలాగే ఉంటుంది. సుగంధికి కళ్ళు ఉన్నాయన్న మాటే గాని చూపు ఆనేది కాదు. ఆమెకు పలకంటే వెచ్చటి రాయి, అంతే. అయినా ఒక్క పూట కూడా బడి మానలేదు. వాగు అవతలి నుంచి అందరికన్నా ముందు వచ్చేది. బడంటే ఆ పిల్లకు ప్రాణం.

రోజురోజుకూ మబ్బులు కిందికి దిగుతున్నాయి. పంతులమ్మ గుండెల్లో గుబులు పైకి లేస్తోంది. పరీక్షలో సుగంధి తప్పితే ఆ పిల్లకు ఇక బడి లేదు.

ఒకరోజు ఆమె సుగంధిని ముందు వరసలో కూర్చోబెట్టింది. "దగ్గరగా చూడమ్మా" అంది. సుగంధి పలక దగ్గరికి జరిగింది. ఇంకా జరిగింది. చివరికి ముక్కు టక్కున గాజుకు తగిలి, ఊపిరికి పలకంతా ఆవిరి పట్టింది. పిల్లలు గొల్లుమన్నారు.

మర్నాడు పంతులమ్మ పలకను మాట్లాడించింది. "ఉత్తరానికి పొండి, ఆపైన తూర్పుకు తిరగండి" అంది పలక గంభీరంగా.

సుగంధి చెవులు రిక్కించి విన్నది. తరువాత మెల్లిగా అడిగింది, "పంతులమ్మా, ఉత్తరం ఏ వాసన వేస్తుందండీ?"

ఈసారి నవ్వులు బండ దాటి వాగు దాకా వినిపించాయి. పంతులమ్మకు కూడా నవ్వొచ్చింది. నవ్వేశాక సుగంధి తల దించుకోవడం చూసి, సిగ్గుతో రెక్కలు ముడుచుకుంది.

ఆ సాయంత్రం సుగంధి తల్లి వాగు దాటి వచ్చింది.

"అమ్మా పంతులమ్మా, నీకు దండం పెడతాను. మా పిల్లని ఇక పంపను. పరీక్షలో అందరి ముందూ తప్పి తలవంచుకు రావడం కన్నా, ముందే ఇంటికి రావడం నయం కదమ్మా."

"తొందరపడకమ్మా. ఇంకా టైముంది."

"నీకు టైముంది తల్లీ. అది ఇంటికొచ్చి అన్నం ముట్టడం లేదు."

ఆ మాట పంతులమ్మకు ముల్లులా గుచ్చుకుంది. ఇంకొక్క పూట పిల్లని పంపమని తల్లిని బతిమాలి ఒప్పించింది. కొమ్మ మీద నుంచి కొమ్మ మీదికి, కొమ్మ మీద నుంచి బండ మీదికి తిరుగుతూనే ఉంది. ఎక్కడా నిలవలేకపోయింది.

పలకలో నేర్చిన దారి నేల మీద పనికొస్తుందా అని పొద్దున్నే ఆమెకు ఒక అనుమానం వచ్చింది. "ధవళా, నీకు దారి నోటికొచ్చు కదా. ముందు నడువు, మేమంతా నీ వెనక వస్తాం" అంది.

ధవళుడు ఛాతీ విరుచుకుని బయల్దేరాడు. మోడు దాకా బాగానే వెళ్ళాడు. ఆ తరువాత కుడికి తిరిగితే ఎదురుగా గడ్డి. తలెత్తి చూస్తే గడ్డి. వెనక్కి చూస్తే గడ్డి. పలకలో పచ్చచుక్క అంత ఉన్న పొద ఇక్కడ కోటగోడలా నిలబడింది. వాడి కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"పలకలో ఇది ఇలా లేదండీ!" అన్నాడు.

పంతులమ్మ గడ్డి మధ్యలో నిలబడి చుట్టూ చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఆ చోట కాళ్ళతో నిలబడడం అదే మొదటిసారి. ఆమెకు కూడా దారి తెలియలేదు.

"అయ్యో నా తెలివి తెల్లారా! నడిచే పిల్లలకు నేను ఎగిరే పాఠం చెప్పాను" అని నెత్తి కొట్టుకుంది. అప్పుడు పంతులమ్మ సుగంధి దగ్గరికి వెళ్ళి వంగి అడిగింది. "అమ్మా సుగంధీ, రోజూ ఇంటి నుంచి బడికి ఎలా వస్తావే నువ్వు?"

ఇన్నాళ్ళలో ఆ పిల్లను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"వాగు దగ్గర నాచు వాసనండీ. అది ఆగిపోయాక కాలికి ఇసక తగులుతుంది. ఇసక అయిపోయాక చింతాకు పులుపు. ఆ పులుపు పట్టుకుని నడిస్తే బండ వెచ్చగా తగులుతుంది. అదే బడి."

ఆ రోజు నుంచి బడి బండ మీద నిలవలేదు. పంతులమ్మ ఎగరడం మానుకుని నడిచింది. కుదురులేని చపలుడి మెడలో పలక వేలాడదీసి, "నీకు కావలసినంత తిరుగు నాయనా, తిరిగిన చోటల్లా చప్పుడు పట్టుకురా" అంది. వాడు కప్పల మడుగు పట్టుకొచ్చాడు, పాడుబడిన రాతిగుహలో గాలి పట్టుకొచ్చాడు, ఎత్తుగుట్ట ముందర వెదుళ్ళ కిరకిర పట్టుకొచ్చాడు. చుంచెలుక ఎత్తులో పలక పట్టుకుని గడ్డి లోపలి దారుల బొమ్మలు కూడా తెచ్చాడు.

తరువాత అందరూ కలిసి బండ మీద తడిమన్నుతో అడవిని చేశారు. చింత ఉన్న చోట చింతాకు గుచ్చారు. మడుగు దగ్గర నాచు పెట్టారు. వాగు గాడిలా తవ్వారు, గుట్ట ఎత్తుగా కట్టారు. చూడగలిగినవాళ్ళు చూశారు, తడమగలిగినవాళ్ళు తడిమారు. వేలు పెట్టి ఆ చోటు పేరు చెబితే అక్కడి చప్పుడు పలక వినిపించేది. సుగంధి మట్టిగుట్ట మీద చెయ్యి పెట్టి, "ఇంత ఎత్తా!" అని మొదటిసారి గట్టిగా నవ్వింది. అది విని తల్లి వాగు అవతల నిలబడి కొంగు కళ్ళకు అద్దుకుంది.

పరీక్ష రోజు రానే వచ్చింది. పరీక్షల పెద్ద ఒక ఉడుము. పేరు దృఢముష్టి. పట్టుకున్న మాట విడిచే రకం కాదు.

"రాజాజ్ఞ ప్రకారం ఒక్కొక్కరే వచ్చి పలక మీద గుట్టను వేలితో చూపించాలి" అన్నాడు.

ధవళుడు చూపించాడు. చపలుడు చూపించాడు. సుగంధి వంతు వచ్చింది.

"నాకు పలక కనబడదండీ. గుట్టకు మాత్రం తీసుకెళ్ళగలను" అంది ఆ పిల్ల.

"చూపించనివాళ్ళు తప్పినట్టే."

పంతులమ్మ అడ్డం వచ్చింది. "అయ్యగారూ, మహారాజు గారు దారి తెలియాలన్నారు గాని, వేలు పెట్టాలనలేదు. ఆ పిల్లను తప్పిస్తే ముందు నన్ను తప్పించండి. పైనుంచి చూడడమే చూడడమని ఇన్నాళ్ళూ అనుకున్నది నేను. దారి తప్పింది నేను, పిల్ల కాదు."

ఉడుము ఆజ్ఞను మనసులో మూడుసార్లు చదువుకున్నాడు. వేలు అనే మాట నిజంగానే అందులో లేదు.

"సరే, నడువు. పలక నా చేతిలోనే ఉంటుంది. ఒక్క అడుగు పక్కకు పడ్డా పరీక్ష అయిపోయినట్టే" అన్నాడు.

సుగంధి ముందు, ఉడుము వెనక, పంతులమ్మ, పిల్లలు ఆ వెనక. మోడు దాటారు, గడ్డి దాటారు, చింతలు దాటారు. ఉడుము పలక చూస్తూ తల ఊపుతున్నాడు. ఇంతలో ఆకాశం నల్లబడింది. ఒక్కసారిగా వాన కుమ్మరించింది. ఎండ లేక పలక ఆరిపోయింది.

"ఎక్కడున్నాం మనం?" అన్నాడు ఉడుము. గొంతులో పెద్దరికం కొంచెం తగ్గింది.

పంతులమ్మ పైకి ఎగిరి చూసింది. కింద పొగమంచు తప్ప ఏమీ లేదు. తడిసి ముద్దయి కిందికి దిగింది. వెనక వాగు హోరు దగ్గరవుతోంది.

సుగంధి ముక్కు అటు తిప్పింది, ఇటు తిప్పింది. వాన వాసనలన్నిటినీ కడిగేసింది. తెలియదంటే పరీక్ష పోతుంది, బడి పోతుంది. తెలుసని నోటికొచ్చిన వైపు నడిస్తే, వెనక ఉన్నవాళ్ళందరూ నమ్మి వస్తారు.

"ఇక్కడి నుంచి నాకు తెలియదండీ" అంది సుగంధి.

ఉడుము నోరు తెరిచేలోగా ధవళుడు అరిచాడు, "నాకు గుర్తుంది! పలకలో చింతల తరువాత మడుగు, మడుగు దాటి ఎడమకి మూడు ఈతచెట్లు!"

చపలుడు చెప్పకుండానే చెట్టెక్కేశాడు. ఈసారి వాణ్ణి కుదురుగా ఉండమని ఎవరూ అనలేదు. "మడుగు పొంగి దారి మీదికొచ్చింది! పక్కన ఈతచెట్ల తలలు కనబడుతున్నాయి! ఇటు రండి!"

ఒకరి తోక ఒకరు పట్టుకుని ఈతచెట్ల దగ్గరికి చేరారు. ఆపైన పొగమంచు గోడ కట్టినట్టుంది. చపలుడికి ఏమీ కనబడలేదు. ధవళుడికి ఎటు తిరగాలో తోచలేదు. అందరూ ఊపిరి బిగబట్టారు.

"ష్... వినండి" అంది సుగంధి. "కిరకిర. పలక వినిపించిన వెదుళ్ళు! గుట్ట వాటి వెనకే!"

ఆ చప్పుడు పట్టుకుని ఆమె నడిచింది. ఆమె తోక పట్టుకుని ఉడుము నడిచాడు. కాసేపటికి కాళ్ళ కింద నేల పైకి లేవడం మొదలైంది. వాళ్ళు గుట్ట ఎక్కేసరికి కింద వాగు దారులన్నీ మింగేసింది.

పైన ఒగరుస్తూ కూర్చున్నారు. సుగంధి ఉడుము దగ్గరికి వెళ్ళి తల వంచుకుంది. "మధ్యలో నాకు దారి తెలియలేదండీ. నేను తప్పినట్టే కదా?"

దృఢముష్టి ఆ పిల్ల వైపు చూశాడు.

"తెలియదని నువ్వు చెప్పకపోతే మనమంతా ఆ మడుగులో ఉండేవాళ్ళం" అన్నాడు. "పలక చూసినవాడు ఒక్కడే వచ్చుంటే చేరేవాడు కాదు. చెట్టెక్కినవాడూ చేరేవాడు కాదు. పలక మోసిన నేనైతే అసలే చేరేవాణ్ణి కాదు. వాగు తగ్గగానే బడికి రా తల్లీ. మహారాజుకు నేను చెప్పుకుంటాను."

ఉడుము పట్టు అలా సడలడం అడవిలో అదే మొదటిసారి అంటారు.

వాన వెలిసింది. మబ్బు చీల్చుకుని ఎండ పడింది. పలక మెల్లిగా వెలిగింది. అందులో గుట్ట, గుట్ట మీద చీమలంత పిల్లలు.

"ఏం కనబడుతోంది?" అని ఆత్రంగా అడిగింది సుగంధి.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ధవళుడు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని గాజు మీద ఒక చోట పెట్టాడు.

"ఇదిగో, ఇక్కడ నువ్వున్నావు. నీ పక్కనే మేమున్నాం" అన్నాడు.

పిల్లలూ, ఎంత గొప్ప పలక వచ్చినా, ఎంత మంచి పంతులమ్మ ఉన్నా, చివరి వరసలోని పిల్లకు కూడా అందినప్పుడే అది పాఠం.