కదిలిన రాళ్లు

భీమిలి ఒడ్డున పొద్దున్నే నడకకొచ్చిన ఏసురత్నం మాస్టారి చేతిలో కోదండపాణి ఒక ఫొటో విసిరినంత పనిచేశాడు.

"చూడండి మాస్టారూ! 'రాళ్లు కదిలాయి' అని రాసి తిప్పి పంపారు. సముద్రంలో బండరాళ్లు కదుల్తాయా ఎక్కడైనా?"

కోదండపాణి కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరు. సెలవొస్తే చాలు, కెమెరా పట్టుకుని ఒడ్డుకొచ్చి పడతాడు. ఫొటోగ్రఫీ క్లబ్బు ఏటా పెట్టే ప్రదర్శనకు మూడేళ్లుగా పంపుతున్నాడు, మూడేళ్లుగా ఇదే సమాధానం. కావాలంటే ఇంకొకటి పంపుకోమని ఈ సాయంత్రం దాకా గడువిచ్చారు. ఈసారి గోడమీద తన ఫొటో ఉంటుందని స్టాఫ్ రూములో అందరికీ ముందే చెప్పేసుకున్నాడు కూడా.

ఏసురత్నం మాస్టారు ఒకప్పుడు ఆ ఊళ్లో స్టూడియో నడిపిన మనిషి. కోదండానికి ఫొటో తీయడంలో ఓనమాలు దిద్దించింది ఆయనే. ఆయన ఫొటోను వెలుగుకు పెట్టి చూశారు. నీళ్లు పాలనురగలా వచ్చాయి. రాళ్ల అంచులు మాత్రం అలుక్కుపోయాయి.

"షట్టరు ఎంతసేపు తెరిచావేటి?"

"నాలుగు సెకన్లు. చేత్తో కాదు, స్టాండు మీదే! తుపానొచ్చినా కదలదని చెప్పి అంటగట్టాడు ఆ కొట్టువాడు. నన్ను నిలువునా ముంచాడు. ఈ డొక్కు ట్రైపాడును తీసుకెళ్లి వాడి మొహాన కొట్టాలి. ఆ జడ్జీలకైనా కళ్లుండొద్దూ!"

"ఓసారి తియ్యి, చూస్తాను."

కోదండం విసవిసా ట్రైపాడ్ కాళ్లు లాగి ఇసుకలోకి దింపాడు. కెమెరా ఎక్కించి ఒకటికి రెండుసార్లు బిగించాడు. దాని బెల్టు మాత్రం మెడలోంచి తీయలేదు. ఎప్పుడూ తీయడు. అంత ఖరీదైన కెమెరా ఏ గాలికో పడిపోతే? కొన్ననాటినుంచీ అదే భయం. వంగి, కన్ను ఆనించి, రిమోటు నొక్కాడు.

వెనకనుంచి ఎవరో చొక్కా లాగారు. చూస్తే మాస్టారే. చొక్కా అంచు గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డారు.

"ఏంటి మాస్టారూ?"

"ఏటీ లేదు. నువ్వు కానీ."

మళ్లీ నొక్కాడు. చొక్కా మళ్లీ వెనక్కి లాగింది. మూడోసారి అతను తూలి పడబోయాడు. ఒళ్లు మండిపోయింది. పెద్దాయన కాబట్టి సరిపోయింది గానీ, ఇంకొకరైతే ఏమనేవాడో.

"ఏంటండీ ఇది? ఎందుకు పట్టుకున్నారు నన్ను?"

"పడిపోతావేమోనని."

"ఎందుకు పడతాను? చంటిపిల్లాణ్ణా? నా కాళ్లు నాకు లేవా? మీరు పట్టుకోబట్టే తూలాను! ముందు వదలండి!"

మాస్టారు వెంటనే వదిలేశారు.

"నీకున్నవి రెండే కదయ్యా," అన్నారు. "దానికి మూడున్నాయి."

కోదండం ఇంకేదో అనబోయి గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. మెడమీద బెల్టు బిగిసింది. దాంతోపాటే, స్టాండు మీద కెమెరా కొద్దిగా ఊగింది.

అతను కావాలనే ఇంకోసారి ఊపిరి పీల్చి చూశాడు, కెమెరా మళ్లీ ఊగింది. తర్వాత బెల్టును మెడలోంచి తీసి, కెమెరా నుంచి కూడా విప్పి జేబులో కుక్కుకున్నాడు. రిమోటు నొక్కి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు వేశాడు.

చేతులు ఊరుకోలేక ముందుకు వెళ్లబోయాయి. వాటిని వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.