పుల్లావు గడప తొక్కనన్న ఇల్లు

పాత అడవి కార్చిచ్చుకు కాలిపోతే నూరు కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని గుట్ట దిగువకు వచ్చాయి. ఊరికి ప్లాను గీసే పని నక్క జిత్తయ్యకు అప్పగించారు. తోక చివరతో నేల మీద గీతలు గీస్తుంటే చూడముచ్చటగా ఉండేది, అదొక్కటీ ఒప్పుకోవాలి.

గుట్ట కింద తెల్లటి ఇసుక మేట బారుగా పరుచుకుని ఉంది. ముల్లు లేదు, పుట్ట లేదు. మధ్యలో సూటిగా వీధి, అటూ ఇటూ ఇళ్ళు. పైనున్న కానుగ చెట్ల రాతి నేల మాత్రం "ఎవరికీ పనికిరాదు" అంటూ జిత్తయ్య తనకు అట్టేపెట్టుకున్నాడు.

వాళ్ళతో వచ్చిన పుల్లావుకు ఎక్కడో అనుమానం తగిలింది.

"అల్లుడూ, ఇంత ఇసుక ఇక్కడికి ఎవరు మోసుకొచ్చారయ్యా?"

"గాలి తెచ్చిందత్తా."

"ఈ నున్నటి గులకరాళ్ళు కూడా గాలే తెచ్చిందా?"

"కొత్త ఊళ్ళో పాత అనుమానాలెందుకత్తా," అన్నాడు జిత్తయ్య. అందరూ నవ్వేశారు. పుల్లావుకు వాదించడం రాదు. కానీ మొదటి ఇల్లు నిండు చూలాలు కుందేలు రత్తికి ఇచ్చారని తెలిశాక మేత సయించలేదు.

గృహప్రవేశం రోజు వచ్చింది. కొత్త ఇంట్లో ముందు ఆవు కాలు పెట్టాలి కదా. ఊరికి ఉన్నదల్లా ఈ ఒక్క ఆవే. కొమ్ములకు పసుపు రాసి, మెడలో బంతిపూలు వేసి రత్తి గుమ్మం ముందు నిలబెట్టారు. పుల్లావు కదలలేదు.

"పదత్తా, ముహూర్తం దాటిపోతోంది," జిత్తయ్య వెనక నుంచి నెట్టాడు.

"ఎలా వెళ్ళను నాయనా? లోపల ఎవరో కాపురముంటుంటే."

పుల్లావు ముంగాలితో గడప ముందు గీరింది. జానెడు లోతులో ఇసుక తడిసింది, మూరెడు లోతులో చెలమ ఊరింది.

"ఇదుగో ఇంటివాళ్ళు. ఎండలకు కింద పడుకున్నారు. వానలకు లేచి వస్తారు."

జిత్తయ్య తడుముకోలేదు. "చూశారా నా ప్లాను? ఏ ఇంటి నీళ్ళు ఆ ఇంట్లోనే. బిందె పట్టుకుని బయటికెళ్ళే పని లేదు."

సగం మంది తలలూపారు. పుల్లావు కూడా ఊపింది.

"నిజమే అల్లుడూ, నాకంత బుర్ర ఎక్కడిది? ఇంత మంచి ఇంట్లో ముందు నువ్వే ఉండాలి. తొలకరి దాకా ఆ పనికిరాని రాతి నేల మీద మేమంతా సర్దుకుంటాం."

కాదంటే గుట్టు రట్టవుతుంది. జిత్తయ్య మింగలేక కక్కలేక గడప దాటాడు.

పైన ఒక్క చెట్టూ కొట్టకుండా, చెట్లను తప్పించుకుంటూ వంకరటింకరగా సందులు వేసుకున్నారు. ప్రతి చూరు నీరూ గుంటలోకి జారేలా, గుంట నిండితే కిందికి పోయేలా పుల్లావు దగ్గరుండి తవ్వించింది. రత్తి కానుగ నీడలో ఐదుగురిని కంది. పుల్లావు ఒక్కొక్కరినీ నాకి ముద్దుచేసింది.

తొలకరి నాడు మధ్యాహ్నం గుట్ట మీద ఉరిమింది. ఇసుక వీధి వాగైపోయింది. జిత్తయ్య దూలం పట్టుకుని "అత్తా" అని అరుస్తూ కొట్టుకొస్తుంటే, పుల్లావు నడుములోతు నీళ్ళలోకి దిగి తోక అందించింది. వైతరణి దాటే పుణ్యాత్ముడిలా దాన్ని పట్టుకుని ఒడ్డెక్కాడు.

"అత్తా, పైన నాకు చోటుందా?" అన్నాడు వణుకుతూ.

"ఎందుకు లేదు? రత్తి గుమ్మానికి దూరంగా, నా గుమ్మానికి ఎదురుగా," అంది పుల్లావు.

నీరు పల్లమెరుగు, ఊరు కట్టేవాడు ముందు నీటి దారి ఎరగాలి.