గవరయ్య ఇంటి ఫైళ్ళ బీరువా

ముందు ఆ కాళ్ళు ముడుచుకుని నిటారుగా కూర్చోండి. పొయ్యి మీద పాలు చూస్తూ ఉండమంటే, పొంగి పొయ్యిలో పడేదాకా చూస్తూ కూర్చున్నవాళ్ళు మీలో ఉన్నారు. పేరు చెప్పను. సిగ్గుంటే ఈ కథ వినండి.

కొండపాలెంలో గవరయ్య అని ఒకడుండేవాడు. తల్లి పైడమ్మ, తమ్ముడు పోలయ్య. మూడో తరగతి దాకా చదివాడు కనక ఇంట్లో తెలివంతా తనదేనని గవరయ్య నమ్మకం. మిగతా ఇద్దరిదీ అదే నమ్మకం. "మా పెద్దోడు అక్షరం పొల్లుపోనివ్వడు" అని తల్లి ఊరంతా చెప్పుకునేది.

ఇంట్లో ఎలుకలు ఎక్కువయ్యాయి. గవరయ్య పట్నం వెళ్ళి, ఏదో ఆఫీసులో వేలం వేస్తుంటే నాలుగు సొరుగుల పాత ఇనప ఫైళ్ళ బీరువా కొనుక్కొచ్చాడు. అడుగు సొరుగులో బియ్యం, దానిపైన పప్పులు, ఆపైన బెల్లం, అన్నిటికన్నా పైన పోలయ్య పెళ్ళికి చేయించిన పుస్తెలు సర్దారు. సొరుగులు మూసి దుమ్ము తుడిస్తే ఎర్ర అక్షరాలు బయటపడ్డాయి. గవరయ్య కూడబలుక్కుని చదివాడు. "అధికారి అనుమతి లేనిదే తెరవరాదు."

ఇంకేముంది. ముగ్గురూ బీరువా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"బియ్యం తియ్యరా, ఎసరు మరుగుతోంది" అంది తల్లి.

"ఎలా తీస్తామమ్మా? అధికారి ఉండాలి."

"అయితే నువ్వే ఉండరా. చదువుకున్నోడివి."

అంతే. గవరయ్య చొక్కా తొడుక్కుని బీరువా పక్కన కుర్చీ వేసుకున్నాడు. తల్లి సోలెడు బియ్యానికి అర్జీ పెట్టుకుంది. వేలిముద్ర సరిగ్గా పడలేదని తిప్పి పంపాడు. ఆమె మళ్ళీ వచ్చేసరికి కుర్చీ ఖాళీ. అధికారిగారు భోజనానికి వెళ్ళారు. వంటింట్లో పీట మీద కూర్చుని, "అన్నమేదమ్మా?" అంటున్నారు.

"బియ్యానికి అనుమతి రాలేదురా."

"ఎవడమ్మా ఆ అధికారి? బొత్తిగా బాధ్యత లేదు" అని గవరయ్య విసుక్కుని, ఆకలితోనే వెళ్ళి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

అలా నెల గడిచేసరికి ముగ్గురూ సగమయ్యారు. పోలయ్య పెళ్ళిరోజు వచ్చింది.

"అన్నయ్యా, పుస్తెలు తియ్యి. పదింటికి ముహూర్తం."

"ఇవాళ అధికారి సెలవులో ఉన్నారురా."

"అధికారివి నువ్వే కదా?"

"నిన్నటిదాకా. ఇవాళ పెళ్ళికొడుకు అన్నని. సెలవుచీటీ నేనే రాశాను, నేనే మంజూరు చేశాను."

పోలయ్యకి అది సబబుగానే తోచింది. అంతే, పుస్తెలున్న బీరువానే ఎడ్లబండి ఎక్కించి ఆడపెళ్ళివారి పందిట్లో దించారు.

పంతులుగారు పుస్తెలు అడిగారు. "రేపు రండి" అన్నాడు గవరయ్య.

పెళ్ళికూతురి తండ్రి సన్యాసయ్య లేచాడు. "ముహూర్తం దాటితే నా పిల్లనివ్వను. మీవాణ్ణి ఈ బీరువాతోనే కాపరం చేసుకోమను, బాబూ."

పోలయ్య బీరువా ముందు మోకరిల్లి ఏడుపు అందుకున్నాడు. పెళ్ళికూతురు రమణమ్మ అది చూసి చూసి, అడ్డుతెర తప్పించి, పీట దిగి వచ్చి పై సొరుగు లాగింది. వచ్చేసింది. "దీనికి తాళమే లేదు కదయ్యా" అని పుస్తెలు పోలయ్య చేతిలో పెట్టింది. మూడు ముళ్ళూ పడ్డాయి.

గవరయ్య ముఖం పాలిపోయింది. తన హయాంలో అనుమతి లేకుండా సొరుగు తెరుచుకుంది. జేబులోంచి కాగితం తీసి, తనని తాను ఇంటి పెరట్లో ఉన్న ఎడ్లపాకకి బదిలీ చేసుకున్నాడు. కుర్చీ రమణమ్మకి రాసిచ్చాడు.

"బూరెలు వడ్డిస్తున్నారు, తిని వెళ్ళరా" అంది తల్లి.

"ఉత్తర్వులో 'తక్షణం' అని రాశానమ్మా."

పది రోజులు పాకలో దోమలు పీకాయి. తల్లి పోరు పడలేక రమణమ్మ నవ్వుకుంటూ, "బావగారు ఇంట్లోకి రావచ్చు" అని కాగితం రాసి పంపింది. గవరయ్య దాన్ని కళ్ళకద్దుకున్నాడు.

"ఇంత ముఖ్యమైన కాగితం ఎడ్ల మధ్య ఉంచకూడదు. బీరువాలో దాచమ్మా" అన్నాడు.

తల్లి రమణమ్మతో చెప్పి దాచి వచ్చింది. "ఇంక లోపలికి రా నాయనా."

"ఉత్తర్వు ఏది? చేతిలో కాగితం లేనిదే ఎలా వస్తాను?"

"బీరువాలో ఉందిరా."

"అయితే అధికారినడిగి తీయించు."

ఈలోగా ఆషాఢం వచ్చిందని అధికారి రమణమ్మ పుట్టింటికి వెళ్ళిపోయింది. చెప్పింది చెప్పినట్టు చేసి, ఎందుకు చెప్పారో ఆలోచించని గవరయ్య, తన ఇంటికి పది అడుగుల దూరంలో, కారే చూరు కింద, రెండెడ్ల మధ్య ఆ నెలంతా తడిశాడు.