కామేశం వదిలిపోయిన ఫైళ్లు

దక్షిణామూర్తిగారు కోటిపల్లిలో తర్కం చెప్పే పండితులు. అయినా శిష్యుల సందేహాలకు వాదంతో జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. ఏదో ఒక పని పురమాయించి ఊరుకునేవారు. చూపు పోయాక ఆయన తన వ్యాఖ్యానాన్ని నోటితో చెబుతూంటే, మార్కండేయులు అనే శిష్యుడు కంప్యూటరులో ఎక్కించేవాడు. కాగితం మీద ఆ వ్యాఖ్యానం ఒక్క ముక్క కూడా లేదు.

ఒకనాడు పొద్దున్నే ఆ యంత్రం మొరాయించింది. చోటు చాలదు, కొత్త పాఠం దాచలేనంది. మార్కండేయులు లోపలంతా వెతికాడు. తనకు ముందు ఆ పని చేసి, పెళ్లయ్యాక కాకినాడలో స్థిరపడిన కామేశం వదిలిపోయిన ఫైళ్లు ఒకచోట బోలెడు కనబడ్డాయి. ఒక్కదాని పేరు పలకడానికీ నోరు తిరగదు. తెరవబోతే ఒక్కటీ తెరుచుకోదు.

"గురువుగారూ, వీటిలో ఏది అక్కర్లేనిదో ఎలా తెలుసుకోవాలండీ?"

"నీకెలా తోస్తోంది?"

"నేనెన్నడూ వీటిని ముట్టుకోలేదు. అయినా పని ఆగలేదు. కాబట్టి అక్కర్లేనివే అనిపిస్తోంది."

ఈ తర్కంలో దోషం ఏదైనా ఉంటే గురువుగారు పట్టుకుంటారని అతను ఎదురుచూశాడు. "సరే, కానియ్యి" అన్నారాయన.

మార్కండేయులు వాటన్నిటినీ యంత్రంలోని చెత్తబుట్టలోకి తోసేశాడు. బుట్టలో ఉన్నంతసేపూ అవి చోటు తింటూనే ఉంటాయి గనుక, దాన్నీ ఖాళీ చేద్దామని చెయ్యి పెట్టబోయాడు.

"ముందు నిన్న చెప్పింది ఒకసారి చదివి వినిపించు" అన్నారు గురువుగారు.

తెరిచాడు. తెర మీద తెలుగు లేదు. తోకలూ చుక్కలూ తగిలించుకున్న ఇంగ్లీషు అక్షరాలు బారులు తీరి ఉన్నాయి. మొన్నటిది తెరిచాడు. కిందటేటిది తెరిచాడు. అంతా అదే వరస.

"చదవవేం నాయనా?"

"తెలుగు కనబడటం లేదండీ."

"అయితే నేను చెప్పింది పోయిందా?"

మార్కండేయులు మళ్లీ తెర వంక చూశాడు. ఎన్ని పుటలుండాలో అన్నీ ఉన్నాయి. పేరాలు విరగాల్సిన చోటే విరిగాయి. ఉందంటే చదవమంటారు. పోయిందంటే అబద్ధమవుతుంది. చివరికి, "ఉందండీ. కానీ లేదండీ" అన్నాడు.

బుట్టలోంచి ఒక్కో ఫైలే వెనక్కి తెస్తూ, తెచ్చినప్పుడల్లా పాఠం తెరిచి చూడసాగాడు. ఎండ గడప దాటి లోపలికొచ్చింది. ఎన్ని తెచ్చినా ఆ తోకల అక్షరాలే. ఆశ వదులుకుంటున్న వేళ, ఎంతో చిన్నదొకటి వెనక్కి రాగానే తెర నిండా తెలుగు పరుచుకుంది. వ్యాఖ్యానం మొదలుపెట్టిన కాలంలో కామేశం తెచ్చి పెట్టుకున్న పాత అక్షరాల ఫాంటు అది. రోజూ రాసిందంతా దాని ఆసరాతోనే తెలుగుగా కనబడుతోందని మార్కండేయులుకు అప్పటిదాకా తెలియదు.

నిన్నటి పాఠం చదివాడు. గురువుగారు చివరిదాకా విని, "ఇక కొత్తది రాసుకో" అన్నారు.

"చోటింకా లేదండీ. కామేశం ఫైళ్లన్నీ కలిపినా గుప్పెడు చోటు కూడా తినవు."

"మరి చోటంతా ఎవరిది?"

అప్పుడు చూశాడు. చోటంతా నింపినవి సభల్లో తాను చేసిన ప్రసంగాల రికార్డింగులు. తన గొంతే. పోతాయేమోనన్న భయంతో ఒక్కో ప్రసంగానికీ మూడు నాలుగు నకళ్లు తనే తీసి పెట్టుకున్నాడు. ఆ సంగతి గురువుగారికి చెప్పాడు.

"అవన్నీ నాకు తెలిసినవేనండీ" అన్నాడు, సంజాయిషీ ఇస్తున్నాడో ఒప్పుకుంటున్నాడో తనకే అర్థం కాక.

"అందుకే కాబోలు, వాటి గురించి నన్నేమీ అడగలేదు" అన్నారు దక్షిణామూర్తిగారు.