అతుకులమ్మ చీర

నీలిరేవుకు వచ్చే యాత్రికులకు ముందుగా కనిపించేవి దారికిరువైపులా ఆరవేసిన అద్దకపు గుడ్డలు. రంగుల కోసం కరక్కాయ, మంజిష్ఠ ఉడికే వాసన మధ్య అద్దకంవారి వీధి దాటితే అమ్మవారి గుడి వస్తుంది. గర్భాలయంలో అమ్మ నిలువెత్తు నల్లరాతి మూర్తి. హారతి వెలుగులో ఆ రాతిపై పువ్వులు, లతలు, వాటి నడుమ కుట్ల వరుసలు కనబడతాయి. అవి ఏ శిల్పీ చెక్కినవి కావు.

పూర్వం ఇక్కడి మూర్తి ఎంతో నునుపుగా ఉండేదట. అమ్మను అప్పుడు నీలాంబ అని పిలిచేవారు. దసరాకు అమ్మకు కట్టే ఇరవై మూరల చీరను నాంచారమ్మ అనే అద్దకపు స్త్రీ ఏడాది పొడవునా అద్దేది. పిల్లలు లేని ఆమెకు ఆ చీరే లోకం.

ఒక ఏడు పండుగకు రెండు రోజుల ముందు తుఫాను వచ్చి ఏరు పొంగింది. పల్లపు గూడేలవారు ప్రాణాలు అరచేత పట్టుకొని గుడి మండపానికి చేరారు. వారిలో ఇరవై ఒక్కమంది పసివాళ్లు చలికి నీలుక్కుపోతున్నారు. ఊరిలో ఇళ్ల కప్పులు లేచిపోవడంతో ఎవరింటా పొడిగుడ్డ లేదు. నాంచారమ్మ చెక్కపెట్టెలోని చీర ఒక్కటే తడవలేదు.

ఆమె దానిని మండపంలో పరచి కత్తెర పట్టుకుంది. ధర్మకర్త భద్రయ్య అడ్డు వచ్చాడు.

"నాంచారీ, అది అమ్మ సొత్తు. పండుగకు ఆమెకేం కడతావు?"

"బిడ్డలు వణుకుతుంటే ఏ తల్లి కొత్త చీర కట్టుకుంటుంది బాబూ? కోపమొస్తే ఆ కోపం నా మీదే పడనీయండి."

ఆమె చీరను కత్తిరించింది. మూరకొక్క ముక్క చొప్పున ఇరవైమంది బిడ్డలకు చుట్టింది. ఇంకొక పసికందు మిగిలింది. నాంచారమ్మ తడిసిన తన ముతక పైట చించి, నీళ్లు పిండి, తన గుండెల వేడికి ఆరబెట్టి ఆ బిడ్డకు కప్పింది. బిడ్డలందరూ బ్రతికారు.

మర్నాడు అర్చకుడు గర్భాలయం తలుపులు తీసి అందరినీ కేకవేసి పిలిచాడు. నునుపైన రాతిమీద నాంచారమ్మ అద్దిన ప్రతి పువ్వూ తేలి ఉంది. ఇరవై పూల ముక్కలు కుట్లతో కలిసి అమ్మ ఒంటిని చుట్టుకున్నాయి. సరిగ్గా గుండెల మీద మాత్రం ఏ పువ్వూ లేని ముతక ముక్క ఒకటి కనిపించింది.

"అది నా పైట," అంది నాంచారమ్మ మెల్లగా. భద్రయ్య తన ఉత్తరీయం తీసి ఆమె భుజాలపై కప్పి, ఆమె కాళ్లకు మొక్కాడు. నాటి నుంచి నీలాంబ అతుకులమ్మ అయింది.

ఈనాటికీ దసరా చీరను ఏ ఒక్కరూ ఒంటరిగా అద్దరు. ఊరివారితోపాటు కళను చూడవచ్చిన పరాయివారు కూడా తలా ఒక ముక్కపై అచ్చు వేస్తే, వాటిని కలిపి కుట్టి అమ్మకు కడతారు. పండుగ కాగానే కుట్లు విప్పి, ఆ ముక్కలను బొంతలుగా కుట్టి, చలికాలం రాకముందే కప్పు లేనివారికి పంచుతారు. అచ్చు వంకరపోయిందని నొచ్చుకునేవారికి అద్దకంవారి ఇంటి పెద్దలు చెప్పే మాట ఒక్కటే: "పరవాలేదమ్మా, కప్పుకున్నవాళ్లకు వెచ్చగా ఉంటే చాలు." అలా ఒక ముక్క అద్దినవారి ఇంట పసిబిడ్డలు చల్లగా ఉంటారని, అమ్మ వారిని తన పైటకింద దాచుకుంటుందని ఇక్కడివారి నమ్మకం.